గుమ్మంలో ముగ్గు లేని పూట

ఆ పొద్దున్న త్రినాధరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇల్లు ఊడ్చి కడగడం, అమ్మకి జావ పట్టడం, అమ్మ మంచంలో నల్లుల్ని చంపడం, స్నానం చేసి బెల్లం మార్కెట్టులో కాటా మొదలయ్యే వేళకి తన కొట్లో కూర్చోవడం. భార్య కనకమహాలక్ష్మి చెల్లెలి పురిటికని పిల్లల్ని తీసుకుని బుచ్చయ్యపేట వెళ్ళింది. ఇంట్లో మిగిలింది అతనూ, తల్లి అప్పలకొండమ్మా. చీపురు ఎక్కడుంటుందో అతనికి తెలియదు. అదొక లోటుగా అతనికి తోచలేదు.

ఆ పనులన్నీ అంతవరకూ మరిడమ్మవి. ఆమె ఊరు లేవకముందే వచ్చి వాకిలి ఊడ్చి, పేడనీళ్ళు కల్లాపి జల్లి, ముగ్గు పెట్టేది. ఇంట్లోవాళ్ళు కళ్ళు నులుముకుంటూ బయటికి వచ్చేసరికి ముగ్గు అక్కడ ఉండేది. తెల్లవారడం ఎవరి పని అని ఎవరూ అడగనట్టే, ఆ ముగ్గు ఎవరి పని అనీ ఎవరూ అడగలేదు. అప్పలకొండమ్మకి మోకాళ్ళు పట్టేసి మంచం దిగలేని స్థితి వచ్చాక ఆమె భారం కూడా మరిడమ్మ మీదే పడింది. పక్కకి తిప్పడం, తల దువ్వడం, మోకాళ్ళకి ఆముదం మర్దనా చెయ్యడం, వీధి కబుర్లన్నీ చెబుతూ ఒక్కొక్క గుక్కే జావ తాగించడం. ఎలమంచిలిలో ఉన్న కూతురు, చంటిపిల్లలతో వేగలేకపోతున్నాను వచ్చి నా దగ్గరుండమని కబురు మీద కబురు పెడుతూనే ఉంది. "పెద్దమ్మగోర్ని ఎవులు సూత్తారే?" అంటూ మరిడమ్మ వాయిదా వేస్తూనే ఉంది.

ముందురోజు సాయంత్రం త్రినాధరావు అరుగు మీద కూర్చుని, మార్కెట్టులో పక్క కొట్టు తాతబ్బాయితో కబుర్లాడుతున్నాడు. తాతబ్బాయి వరసకి బావ. మాటల్లో మరిడమ్మ కూతురి సంగతి వచ్చింది.

"మరిడమ్మ ఎలమంచిలి ఎల్లిపోతే మీ ఇల్లు ఏటవుతాది బావా?" అన్నాడు తాతబ్బాయి.

"ఏటవుతాది? రెండు చీపురు దెబ్బలు, నాలుగు చెంబుల నీళ్ళు. దానికో మనిషా? ఎడం చేత్తో చేసి పారేస్తాను."

"నువ్వు?"

"నేనే! పందెమా?"

లోపల గదిలో మరిడమ్మ అప్పలకొండమ్మ మోకాలికి ఆముదం రాస్తోంది. మాట విన్నది. చెయ్యి ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ కదిలింది. రెండో మోకాలు కూడా పూర్తిచేసి, చేతులు కడుక్కుని, వాకిట్లోకి వచ్చి నిలబడింది.

"బాబూ, రేపు మద్దినేల పాసింజరుకి ఎలమంచిలి ఎల్లిపోతన్నాను. మరి రాను."

తాతబ్బాయి ఎదురుగా ఉన్నాడు. మాట వెనక్కి తీసుకోవడానికి అది సమయం కాదు. "సరే, వెళ్ళు," అన్నాడు త్రినాధరావు.

తెల్లవారేసరికి అప్పలకొండమ్మ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. రైలూ ఓడా ఎక్కిన మనుషులు తిరిగి వస్తారని ఆవిడకి నమ్మకం లేదు. ఆవిడ తమ్ముడు ఒకప్పుడు బర్మాలోని రంగం వెళ్ళే ఓడ ఎక్కాడు. ఇప్పుడు అక్కడ యుద్ధం. అతని కబురు లేదు.

"ఒరే నాయనా, బండి మధ్యాహ్నం గానీ రాదు. వెళ్ళి దానికి ఒక్క మాట చెప్పరా. ఆగుతాది."

"నేనా? పనిమనిషి గుమ్మంలోకా? సాయంత్రానికి నువ్వే అంటావు చూడమ్మా, ఇంత చిన్న పనికి మనిషెందుకురా అని."

"నాకు కావలసింది పని కాదురా, మనిషి."

ఆ మాట అతనికి వినబడలేదు. అప్పటికి అతను చీపురు వెతుకుతున్నాడు.

మొదట జావ కాచాడు. అది ఒకచోట నీళ్ళుగా, ఒకచోట ముద్దగా, అడుగున బొగ్గుగా తయారైంది. చెంచాతో పట్టబోతే గడ్డం మీదుగా కారి మెడలో దిగింది. అప్పలకొండమ్మ నోరు మూసుకుని, "ఆకలి లేదు నాయనా," అంది. కొడుకుని బాధపెట్టడం ఇష్టంలేక ఆవిడ ఆడే అబద్ధాల్లో అదొకటి.

తరువాత మంచం. తల్లిని ఎత్తుకుని పెరట్లో పశువులశాల వసారాలోకి తీసుకెళ్ళి, బల్ల మీద పడుకోబెట్టి, మంచు పడుతోందని తెల్లదుప్పటి నిండా కప్పాడు. నులకమంచాన్ని ఈడ్చుకొచ్చి వీధిలో పడేశాడు. బొంతని దాని మీదికి విసిరాడు. నల్లులకి మరుగునీళ్ళు కావాలి. వంటింట్లో పొయ్యి జావతో నిండిపోయి ఉంది కాబట్టి, ఒక పాత కుండలో నిప్పులు పోసుకొచ్చి గుమ్మం ముందు పెట్టి, దానిమీద తపేలా ఎక్కించాడు. పిడకల పొగకి అతని కళ్ళు ఎర్రబడి ధారగా నీరు కారింది.

ముగ్గు సంగతి గుర్తుకు రాకపోలేదు. కానీ అది పని కాదని, ఆడవాళ్ళ సరదా అని అతని అభిప్రాయం. మగవాడు వీధిలో వంగుని పిండి గీతలు గీస్తుంటే నలుగురూ నవ్వరా? అందుకని వదిలేశాడు.

పక్కింటి తలుపులమ్మ పూలు కోసుకుందామని బయటికి వచ్చి, అక్కడే నిలబడిపోయింది. త్రినాధరావు గుమ్మంలో కల్లాపి లేదు. ముగ్గు లేదు. ఆ వీధిలో ముగ్గు పడని ఇల్లంటే అర్థం ఒక్కటే. దానికి తోడు పెద్దావిడ మంచమూ బొంతా వీధిలో ఉన్నాయి. గుమ్మం ముందు కుండలో నిప్పు ఉంది. కొడుకు కళ్ళలో నీళ్ళు ఉన్నాయి. ఇంకా అడగడానికి ఏముంది? అలాంటి వేళ అడగడం మర్యాద కూడా కాదు.

పూలబుట్ట కింద పెట్టి నెమ్మదిగా వచ్చింది. "ఒక్కడివే ఉన్నావా తమ్ముడూ? మహాలక్ష్మికి కబురు పెట్టేవా?"

"ఎందుకు వదినా? పురిటింట్లో ఉన్నదాన్ని ఈ మాత్రానికి పరిగెత్తించడమా?"

తలుపులమ్మ బుగ్గలు నొక్కుకుంది. "ఈ మాత్రమేటి తమ్ముడూ! ఆడదిక్కు లేకుండా ఎలా?"

"అన్నీ నేనే చేసేస్తాను. సగం అయిపోయింది కూడా."

తలుపులమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గిర్రున తిరిగి వెళ్ళిపోయింది. ఎప్పుడూ పది మాటలు ఎక్కువ మాట్లాడే మనిషి, వెళ్ళొస్తానని కూడా అనలేదు. పందెం ఓడిపోతానేమో చూడ్డానికి వచ్చిందనీ, ఓడకపోయేసరికి మొహం చెల్లలేదనీ త్రినాధరావు అనుకున్నాడు.

ఇంట్లో బూజు దులపాలి. బూజుకర్ర దులిపిన మొదటి మూలలోనే రెండు ముక్కలైంది. ఆ ముక్కల్లో ఒకటి నీళ్ళకుండ మీద పడి అది పగిలింది. అంతలో వెదురుకొట్టు సత్తియ్య బండి వీధిలోకి వచ్చింది. త్రినాధరావు మసి మొహంతో బయటికి పరిగెత్తాడు.

"సత్తియ్యా! రెండు ఎదుళ్ళు దింపు. తిన్నగా ఉన్నవి చూడు. ఓ కొత్త కుండ కూడా పంపించు. తొందరగా కావాల!"

సత్తియ్య బండి ఆపాడు. మంచం చూశాడు. నిప్పుకుండ చూశాడు. తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు. "సాయం ఎవులూ నేరా బాబూ?"

"సాయమెందుకు? కట్టడం నాకు రాదా?" అన్నాడు త్రినాధరావు. కర్రకి చీపురు కట్టడం గురించి అతని ఉద్దేశం.

"అయ్యయ్యో, తమరు కట్టడమేటి బాబూ! కూకోండి. మావోల్ని పిలుత్తాను."

"కూర్చుంటే ఎలాగ? ఎండెక్కకముందే అంతా తెమిలిపోవాల. అమ్మ పెరట్లో ఉంది. ఎండెక్కితే అక్కడ ఎంతసేపని ఉంచుతాను?"

సత్తియ్య తలపాగాతో కళ్ళు తుడుచుకున్నాడు. ఆ ముసలావిడ వాకిట్లో అతను ఎన్నోసార్లు మజ్జిగ తాగాడు. రెండు వెదుళ్ళు దింపి, బేరమాడకుండా, వెళ్ళొస్తానని అనకుండా బండి తోలుకుపోయాడు. కాసేపటికి కొత్త కుండ వచ్చింది. దానితో పాటు కొబ్బరితాడు చుట్ట, మోపెడు ఎండుగడ్డి కూడా వచ్చాయి. అడగని గడ్డి ఎందుకు వచ్చిందో త్రినాధరావుకి అర్థం కాలేదు. తపేలా తోముకోవడానికి పనికొస్తుందని లోపల పెట్టించాడు.

సత్తియ్య కొట్టుకి దారి బెల్లం మార్కెట్టు మీదుగానే. అతను తాతబ్బాయి కొట్టు ముందు ఒక్క నిమిషం ఆగాడు. ఆ నిమిషం చాలింది. కాటా మీద ఉన్న దిమ్మ కాటా మీదే ఉండిపోయింది. ఎంత పెద్ద వ్యాపారి తల్లి! ఒకరి తరువాత ఒకరు కొట్ల తలుపులు వేశారు. ఒకరు సైకిలు మీద మునగపాకలో ఉన్న ఆవిడ మేనగోడళ్ళకి చెప్పడానికి వెళ్ళారు. పల్లెల నుంచి బెల్లం తెచ్చిన రైతులు ఏమీ తోచక, బళ్ళు అక్కడే వదిలి వ్యాపారుల వెనకాలే నడిచారు. సరుకు దింపడానికి స్టేషనుకి వెళ్ళిన జట్కావాడు, అక్కడ కనిపించిన ప్రతివాడికీ చెప్పాడు.

ఇక్కడ త్రినాధరావు ఇల్లు కడగడం మొదలుపెట్టాడు. చెంబులతో కడగడం ఆడవాళ్ళ పద్ధతి, కుండలతో అయితే పని తొందరగా తెములుతుందని అతని లెక్క. వెనక గదిలో పోసిన నీళ్ళు నడవ దాటి, ముందు గది దాటి, గడప మీదుగా వీధిలోకి దూకాయి. తలుపులమ్మ కిటికీలోంచి చూసి, "ఇల్లు కడిగేత్తన్నాడు. అంతా అయిపోయింది కాబోలు!" అని ఏడ్చింది. మధ్యలో త్రినాధరావు రెండుసార్లు జారిపడ్డాడు. పంచె, జుట్టు నీళ్ళోడుతున్నాయి. పెరట్లో తల్లి చప్పుడు లేకుండా ఉంది. పడుకుంది కాబోలు, ఇంత హాయిగా ఎప్పుడూ పడుకోలేదని అతనికి కొంచెం గర్వం కూడా కలిగింది.

అరుగు ఒక్కటే మిగిలింది. కొత్త కుండ నిండా నీళ్ళు తోడి, కుడి భుజం నొప్పి పెడుతుంటే ఎడమ భుజానికి ఎత్తుకున్నాడు. కుండకి ఎక్కడో నెరియ ఉంది. నీళ్ళు సన్నగా ధారకడుతున్నాయి. ఆ తడిపంచెతో, ఆ కారే కుండతో అతను వీధి గుమ్మంలోకి వచ్చాడు.

వీధి నిండా మనుషులు. మార్కెట్టంతా తలవంచుకుని నిలబడి ఉంది. అతన్ని ఆ వాలకంలో చూసేసరికి అందరూ చేతులు జోడించారు. తాతబ్బాయి బావురుమన్నాడు.

"బావా! నిన్న సాయంత్రం కూడా లోపల్నించి ఆవిడ మాట విన్నాను బావా!"

త్రినాధరావుకి ఒళ్ళు మండింది. "పందెం అయితే మాత్రం, మార్కెట్టునంతా వెంటేసుకొచ్చి చూపించాలా?"

"పందెం మాట తలుచుకోకు బావా. నా నోరు పడిపోను!"

"అరుగొక్కటే మిగిలింది. తప్పుకోండి."

"నువ్వు ఆ కుండ దించొద్దు నాయనా. అయ్యవారు రావాల," అన్నాడు ఎవరో పెద్దమనిషి.

"అరుగు కడగడానికి అయ్యవారెందుకు?"

దుఃఖంలో మతి తప్పిందని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సరిగ్గా అప్పుడు వీధి చివర ఒక కేక వినిపించింది.

మరిడమ్మ పరిగెత్తుకొస్తోంది. జుట్టు ఊడిపోయి ఉంది, కొంగు నేల మీద ఈడుస్తోంది. పాసింజరులో ఎక్కి కూర్చున్నాక, ప్లాట్‌ఫారం మీద జట్కావాడి మాట ఆమె చెవిన పడింది. కదులుతున్న బండిలోంచి దూకింది. ఆమె మూట మాత్రం టికెట్టు ప్రకారం ఎలమంచిలి వెళ్ళిపోయింది. మనుషుల్ని తోసుకుంటూ వచ్చి వీధిలో ఉన్న మంచం మీద పడి, ఆ బొంతని కావలించుకుంది.

"పెద్దమ్మా! ఒక్క పూట నాను రాకపోతే ఎల్లిపోతావా తల్లీ! జావ ఎవులు పట్టేరమ్మా! నీ దగ్గిరే ఉండిపోతే బతికుందువు కదమ్మా! నా రోసం తగలెయ్య!"

త్రినాధరావు బిత్తరపోయాడు. "మరిడమ్మా, ఏటయింది? ఎవరు నిన్నేమన్నారు?"

"ఏడవనీ బావా. ఏడిస్తేనే మంచిది," అన్నాడు తాతబ్బాయి ముక్కు తుడుచుకుంటూ.

అప్పుడు ఇంటి వెనక నుంచి, కడిగిన గదులన్నీ దాటుకుంటూ, ఒక సన్నని గొంతు వచ్చింది.

"మరిడీ! వచ్చేవా? ఆ ఏడుపు తరవాత ఏడుద్దువు గానీ, ముందు నాలుగు గుక్కలు జావ పట్టవే. పొద్దుట్నించీ కడుపులో ఏటీ నేదు."

వీధిలో ఒక్కసారిగా అందరూ కదిలారు. సగంమంది వెనక్కి పరిగెత్తారు. తలుపులమ్మ కిటికీ మూసి, మళ్ళీ తీసింది. త్రినాధరావు భుజం మీద కుండ జారి గడప మీద భళ్ళున పగిలింది. అతను నిప్పుకుండ చూశాడు, వెదుళ్ళు చూశాడు, తన తడిపంచె చూసుకున్నాడు. అప్పుడతనికి అన్నీ ఒక్కసారే అర్థమయ్యాయి. అరుగు మీద చతికిలబడ్డాడు.

మరిడమ్మ మాత్రం పరిగెత్తింది లోపలికి. పెరట్లో తెల్లదుప్పటిలోంచి తల బయటపెట్టి అప్పలకొండమ్మ ఆమె వైపే చూస్తోంది. మరిడమ్మ ఆవిడ చెంపలు నిమిరింది, చేతులు నిమిరింది, ఊపిరి వస్తోందో లేదో ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసింది. తరువాత కోపం వచ్చింది.

"ఇంతమంది ఏడుత్తంటే పలకవేటమ్మా? నిద్దరోయేవా?"

అప్పలకొండమ్మ దుప్పటి అంచు సర్దుకుంది. "నిద్ర ఎక్కడిదే? గోడ అవతల్నించి తలుపులమ్మ అంతా చెప్పి ఏడుస్తూనే ఉంది. పొద్దున్నే విన్నాను."

"ఇని?"

"ఊరుకున్నాను. బతికుండి పొద్దుట్నించీ చెప్తన్నాను, మరిడిని ఆపరా అని. ఎవరు విన్నారు? చచ్చేననేసరికి మార్కెట్టు కదిలింది. కబురు ఎలాగూ స్టేషను దాకా వెళ్తాది, నీ బండి వచ్చేలోగా అందుతాదా లేదా అన్నదొక్కటే నా బెంగ." ఆవిడ కళ్ళు దించుకుంది. "మా ములక్కాడలు దొంగతనంగా కోసుకుపోయే తలుపులమ్మ నన్ను దేవత అంటంటే, అది కూడా కాసేపు వినాలనిపించింది."

మరిడమ్మ వసారా గట్టు మీద కూలబడింది. నవ్వాలో తిట్టాలో తెలియలేదు. రెండూ కాక ఏడ్చింది. "దారంతా గుండె బద్దలైపోనాది తెలుసా! అలా సెయ్యొచ్చా?"

"తప్పే. నిన్ను ఏడిపించేను," అంది అప్పలకొండమ్మ. "ఆపడానికి నేనెవర్తిని? నీ కూతురు, నీ మనవలు. వెళ్ళాలంటే వెళ్ళు. కానీ అలా గడప దగ్గర నుంచుని, మరి రానని చెప్పి వెళ్ళకే. దగ్గర కూర్చుని చెప్పి వెళ్ళు. గడప దగ్గరే చెప్పి వెళ్ళినవాళ్ళు నాకు ఇప్పటికే చాలామంది ఉన్నారు."

మరిడమ్మ ఆవిడ మెడలో ఎండిపోయిన జావ చారలు కొంగుతో తుడవసాగింది.

త్రినాధరావు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. వెనకాల తాతబ్బాయి, అతని వెనకాల పారిపోని సగం మార్కెట్టూ ఉన్నాయి. మరిడమ్మ తలెత్తలేదు. ఇంతమంది ముందు మాట్లాడడం కష్టం. కానీ నిన్నటి మాట కూడా ఒకరి ముందు అన్నదే.

"మరిడమ్మా," అన్నాడు. "నాకు చేతకాలేదు."

"తెలుత్తానే ఉంది బాబూ."

"నిన్న అన్న మాట తప్పు. నువ్వు చేసే పని నా కంటికి ఆనలేదు. నువ్వు వెళ్ళిపోతే అమ్మ ఉండలేదు." కాస్త ఆగి, "నేనూ ఉండలేను," అన్నాడు.

మరిడమ్మ చాలాసేపు తుడిచిన చోటే తుడిచింది. చివరికి లేచింది. "నా మూట ఎలమంచిల్లో ఉంది. మనవల్ని సూడాల. నాలుగు రోజులుండి వత్తాను."

"ఆ నాలుగు రోజులూ?" అన్నాడు త్రినాధరావు భయంగా.

"మీరే సెయ్యండి. ఏదెలా సెయ్యాలో సెప్పి ఎల్తాను. జావలో ఉండ కట్టిందంటే మాత్రం మల్లీ రాను." అని వంటింటి వైపు నడిచి, ఇంటి అవతారం చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. "ఓలమ్మో, ఏటీ సెరువు!" అని నొసలు కొట్టుకుని, "ముందు ఆ వాకిలి సంగతి సూడాల. లేకపోతే సాయంత్రం దాకా ఏడవడానికి వత్తానే ఉంటారు," అంది.

మంచం లోపలికి వెళ్ళింది. నిప్పుకుండ పెరట్లోకి వెళ్ళింది. వెదుళ్ళని సత్తియ్య తనే, చెప్పకుండానే, బండి మీద వేసుకున్నాడు. మరిడమ్మ బూడిదంతా ఊడ్చి, కల్లాపి జల్లి, ఎర్రటి ఎండలో వంగుని ముగ్గు పెట్టింది. వ్యాపారులంతా అరుగుల మీద నిలబడి ఆ వేళ్ళ మధ్య నుంచి పిండి జారడం చూశారు. ఇన్నేళ్ళుగా ఆ వీధిలో నడుస్తున్నా ముగ్గు పడుతుంటే చూడడం వాళ్ళకి అదే మొదటిసారి.

చివరి గీత కలుస్తుండగా మునగపాక బండి వీధి మలుపు తిరిగింది. మేనగోడళ్ళు గుండెలు బాదుకుంటూ, "అత్తా! మమ్మల్నొదిలి ఎల్లిపోయేవా అత్తా!" అని రాగం ఎత్తుకున్నారు. గుమ్మం ముందుకు వచ్చేసరికి పచ్చని వాకిట్లో తడి ఆరని తెల్లముగ్గు కనిపించింది. రాగం సగంలో తెగిపోయింది. పెద్ద మేనగోడలు ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంచి, "ఏటి, ఏమైనా పండగా?" అని అడిగింది.

అందరికీ మజ్జిగ ఇచ్చారు. అప్పలకొండమ్మ మరిడమ్మ చేతి జావ తాగి, తను ఎంత మంచిదో మేనగోడళ్ళ చేత మరోసారి చెప్పించుకుంది.

మర్నాడు పైఊరి నుంచి వచ్చిన బెల్లం షావుకారు ఒకడు తాతబ్బాయి కొట్లో కూర్చుని, నిన్న అనకాపల్లి మార్కెట్టంతా మూసేశారట, ఏ మహానుభావుడు కాలం చేశాడండీ అని అడిగాడు.

"ఎవరూ కాలం చెయ్యలేదండి," అన్నాడు తాతబ్బాయి. "మరిడమ్మ పన్లోకి రాలేదు."